అలెగ్జాండర్ పోప్

పదునెనిమిదవ శతాబ్ది పూర్వభాగమున ఆంగ్లకవులలో అగ్రగణ్యుడైన అలెగ్జాండర్ పోప్ 1688వ సంవత్సరము మే 21వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి నారబట్టల వర్తకుడు. వారిది రోమన్ కాథలిక్కు మతము. ఆ కాలమున ఇంగ్లండులో ఆ మతస్థులకు విశ్వవిద్యాలయ ప్రవేశముగాని, ప్రభుత్వోద్యోగముగాని లభింపదు. లండనుకు పదిమైళ్ల లోపల నివసించుటయు నిషిద్ధము. అందుచే ఆ కుటుంబము విండ్సరు అడవిలోని బిన్‌ఫీల్డు గ్రామమునకు తరలిపోయెను.

బాలునికి సుమారు పండ్రెండేండ్ల వయసున వెన్నెముకకు క్షయవ్యాధి సోకెను. ఎముకలు లోలోపల శిథిలమై వెన్ను వంగిపోయెను, ఎదుగుదల నిలిచిపోయెను. పెద్దవాడైన పిదపను ఆతని పొడవు నాలుగున్నర అడుగులు మాత్రమే. ఈ వ్యాధిని పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1779లో వర్ణించెను. దానికి మూలమైన సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను. గుణమిచ్చు మందు 1940 తరువాతగాని లభింపలేదు. కావున పోప్ కవికి బాధను భరించుట తప్ప వేరు దారి లేకుండెను.

యౌవనారంభమున ఆతడు రాత్రింబవళ్లు గ్రంథములు చదివి మిక్కిలి క్షీణించెను. మరణము తథ్యమని తలచి మిత్రులకు వీడ్కోలు లేఖలు వ్రాసెను. వారిలో సౌత్‌కోట్ అను మతగురువు ఊరకుండక, రాడ్‌క్లిఫ్ అను ప్రసిద్ధ వైద్యుని ఆశ్రయించి సలహా తెచ్చెను. చదువు తగ్గించి, ప్రతిదినము గుఱ్ఱపుస్వారి చేయవలెనని ఆ వైద్యుని మాట. పోప్ అట్లే చేసి కోలుకొనెను. ఆ మేలును ఆతడు మరువలేదు. సుమారు ఇరువదియేండ్ల తరువాత ప్రధానమంత్రి వాల్పోలును అడిగి, ఆయన ద్వారా సౌత్‌కోట్‌కు ఫ్రాన్సులో ఒక మఠాధిపత్యము ఇప్పించెను.

కాని వెన్నునొప్పి విడువలేదు, తలనొప్పియు తోడయ్యెను. ఉత్తరవయసున పరిచారిక సాయము లేక ఆతడు శయ్యనుండి లేచి దుస్తులు ధరింపజాలడు. గట్టి కేన్వాసుతో కుట్టిన కవచమువంటి చొక్కాను త్రాళ్లతో బిగించినగాని నిటారుగా నిలువజాలడు. సన్నని కాళ్లు కొంత లావుగా కనబడుటకై మూడుజతల మేజోళ్లు తొడుగుకొనెడివాడు. బల్లకు అందుటకు ఆసనమును ఎత్తు చేయవలసివచ్చెడిది. 1740 నాటి దారుణమైన చలికాలమున, ఆక్స్‌ఫర్డు ప్రభువు ఇంటి పరిచారికను ఒకే రాత్రి నాలుగుమారులు లేపి కాగితములు తెప్పించుకొనెను. తోచిన భావము తెల్లవారునాటికి జారిపోవునేమో యని ఆతని భయము! ఐనను ఆమె విసుగుకొనలేదు. ఆతడిచ్చు బహుమానములు అంత ఉదారమైనవి.

ఇట్టి దేహముతో ఆతడు హోమరు మహాకవి ఇలియడ్ కావ్యమును ఆంగ్లపద్యములలోనికి మార్చుటకు పూనుకొనెను. మూలము పదునైదువేల పాదములకు మించినది. ఆరంభమున ఆ భారము ఆతని నిద్రలో సైతము వెన్నాడెను; ఎన్నటికిని ముగియని దూరప్రయాణము చేయుచున్నట్లు కలలు వచ్చెడివి. పిదప ఒక పద్ధతి కుదిరెను. ప్రతి ఉదయము శయ్యనుండి లేవకమునుపే ముప్పది నలువది పాదములు రచించి, మధ్యాహ్నమువరకు వానిని సవరించెడివాడు. మిత్రుల లేఖల వెనుకవైపున వ్రాసిన ఆ చిత్తుప్రతులు బ్రిటిష్ గ్రంథాలయమున భద్రపరుపబడియున్నవి. 1715 నుండి 1720 వరకు ఆరు సంపుటములు వెలువడెను. చందాదారుల వలనను, ప్రకాశకుని వలనను సుమారు 5,000 పౌనులు లభించెను. ఉద్యోగమునకు అర్హత లేని ఆతడు ఏ ప్రభువునకును చేయిచాపక కలముతోనే జీవింపగలిగెను. థేమ్సు నదీతీరమున ట్విక్కెన్‌హామ్‌లో ఇల్లు, తోట ఏర్పరచుకొని, వృద్ధయైన తల్లిని 1733లో ఆమె మరణించువరకు ఆదరముతో పోషించెను.

శత్రువులు ఆతని కవిత్వమును మాత్రమేగాక గూనిని సైతము పరిహసించుచు పుస్తకములు అచ్చువేసిరి. ఆతడును క్షమించు స్వభావము కలవాడు కాడు. 1728లో ప్రకటించిన డన్సియడ్ అను కావ్యమున వారిని నిర్దయగా ఎగతాళి చేసెను. వారిలో కొందరు పేదరచయితలు. వారి పేదరికమును సైతము వెక్కిరించుట ఆతనికి తగినది కాదు.

తుదకు శ్వాసకాసము, జలోదరము ఆతనిని క్రుంగదీసెను. 1744 వసంతమున మంచముపై నుండియే తన గ్రంథములను సవరించుచుండెను. మరణమునకు కొద్దివారముల ముందు తన నీతికావ్యముల ప్రతులను మిత్రులకు పంచిపెట్టించెను. మే 30వ తేదీన ఆతని ప్రాణము ఎంత నెమ్మదిగా పోయెననగా, చెంతనున్నవారు ఆ క్షణమును గుర్తింపలేకపోయిరి.