తెల్లకొండ నెక్కిన సొస్యూర్

వేసవి ముదిరినపుడు సాంచలపై పడుగు పోగులు మాటిమాటికి తెగుట మన కుంభారి బాలబాలికలకు క్రొత్త సంగతి కాదు. గాలిలో తేమ తగ్గినకొలది నూలు పెళుసగును. ఆ తేమను కొలుచుటకొక సాధనము కలదు. దానిలోని ముఖ్యవస్తువు మనిషి తలవెండ్రుక. సోడానీటిలో ఉడికించి జిడ్డు పోగొట్టిన వెండ్రుక తడిగాలిలో సాగును, పొడిగాలిలో కుంచించుకొనును. దానికి తగిలించిన ముల్లు కదలి లెక్క చూపును. ఈ సాధనమును నిర్మించి, 1783లో తేమను గూర్చి గొప్ప గ్రంథము ప్రకటించినవాడు జినీవా నగర పండితుడు హొరాస్ బెనెదిక్త్ ద సొస్యూర్. నూలునే నమ్ముకొన్న మనకు ఈ ఒక్క పనిచేతనే ఆయన ఆప్తుడు. అయితే లోకమున ఆయన కీర్తి కొండల మూలమున వచ్చినది.

సొస్యూర్ 1740 ఫిబ్రవరి 17న జినీవా సమీపమున జన్మించెను. 22వ ఏటనే అచ్చటి విద్యాపీఠమున తత్త్వశాస్త్రాచార్యుడయ్యెను. అంతకు రెండేండ్లు ముందు, 1760లో, ఆల్ప్స్ పర్వతములలోని షామొనీ లోయకు కాలినడకన వెళ్ళి, దానిపై నిలిచిన మాంట్ బ్లాంక్ శిఖరమును చూచెను. ఆ పేరునకు తెల్లకొండ అని అర్థము. ఎత్తు సుమారు 4,800 మీటర్లు. దానికి దారి కనుగొన్నవారికి బహుమానమిత్తునని ఆయన ఆ లోయలో చాటించెను. స్ఫటికముల కొరకు, కొండమేకల వేట కొరకు హిమానీనదములపై తిరుగువారు అచ్చట లేకపోలేదు. కాని మంచుపై రాత్రి గడపినవాడు తెల్లవారుసరికి బ్రదికియుండడని వారి భయము. పాతికేండ్లు గడచినను ఎవరును శిఖరము చేరలేదు. 1785లో సొస్యూర్ స్వయముగా యత్నించి మరలి వచ్చెను. తుదకు 1786 ఆగస్టు 8న ఆ ఊరి వైద్యుడు మిషెల్ పకార్, స్ఫటికములు వెదకు జాక్ బల్మా అను ఇరువురు శిఖరముపై అడుగు పెట్టిరి.

మరుసటి యేడు ఆగస్టు 1న సొస్యూర్ బయలుదేరెను. వెంట ఒక సేవకుడు, బల్మా మొదలుగా 18 మంది మార్గదర్శకులు. గుడారము, నిచ్చెన, త్రాళ్ళు, వాయుభారమాపకములు, ఆహారము అన్నియు వారి వీపులమీదనే. ముఖమునకు ఎండ, కన్నులకు మంచు మెరుపు తగులకుండ పలుచని నల్లబట్ట కప్పుకొనిరి. మొదటి రాత్రి రాళ్ళ నడుమ గడచినది. రెండవనాడు హిమానీనదమును దాటవలెను. నది యని పేరే గాని అది ఘనీభవించిన మంచు. అడుగడుగున నోరు తెరచిన పగుళ్ళు, కొన్నింటిపై క్రొత్త మంచు కప్పి కానరాకుండును. సాయంకాలమునకు మంచుమైదానము చేరి, గుడారమునకు చోటు త్రవ్వబోయిరి. గొప్ప బలశాలులైన ఆ కొండవారు అయిదారు పారల మంచు తీయుసరికి ఊపిరాడక ఆగిపోయిరి! అచ్చటి గాలి అంత పలుచన. ఇరువదిమంది ఒకే గుడారములో కిక్కిరిసి పడుకొనగా ఉక్క భరింపలేక సొస్యూర్ అర్ధరాత్రి వెలుపలికి వచ్చెను. కాటుకవంటి ఆకాశమున చంద్రుడు వెలుగుచుండెనట.

మూడవనాడు తుది చరియపై పదునైదు పదునారడుగులకొకమారు నిలిచి ఊపిరి తీసికొనుచు, ఉదయము 11 గంటలకు శిఖరము చేరిరి. 27 ఏండ్ల కోరిక తీరినందుకు ఆయన పొంగిపోయెనని మనము తలంతుము. కాదు, అలసటచే విసిగి, కాలిక్రింది మంచును కోపముతో త్రొక్కితినని ఆయనయే వ్రాసికొనెను. ఈ నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది. క్రింద షామొనీలో దూరదర్శినితో చూచుచున్న భార్యయు, ఆమె చెల్లెండ్రును జెండా యెత్తగా, దానిని చూచి ఆయన మనసు కుదుటపడెను.

అటుపై నాలుగున్నర గంటలు కొలతలే. నీరు సుమారు 86 డిగ్రీలకే మరగెను. క్రింద నిమిషమునకు 72 సారులు కొట్టుకొను ఆయన నాడి పైన 100 సారులు కొట్టుకొనెను. లేతనుండి ముదురువరకు నీలిరంగు వేసిన కాగితములను పట్టుకొని ఆకాశపు ఛాయను పోల్చెను. మన అద్దకమువారు రంగును పాత నమూనాతో సరిచూచుట ఇట్టిదే కదా! 1788లో కుమారునితో మరియొక ఎత్తైన కనుమపై రెండు వారములకు పైగా విడిసి ఇట్టి కొలతలనే సాగించెను. ఆల్ప్స్ యాత్రలను గూర్చిన ఆయన గ్రంథము 1779 నుండి 1796 వరకు నాలుగు సంపుటములుగా వెలువడెను. విప్లవకాలమున ఆస్తి పోయినది, పక్షవాతము సోకినది. 1799 జనవరి 22న మరణించెను.

మన చద్దరుపై వ్యాపారి ముద్ర యుండును గాని నేసినవాని పేరుండదు. సొస్యూర్ మాత్రము తన వెంట మూటలు మోసిన 18 మంది పేర్లను గ్రంథమున వ్రాసెను. ఆ పట్టికలో పకార్ లేడు. ఆయన ఆ యాత్రకు రాలేదు. 1887లో షామొనీలో ప్రతిష్ఠించిన విగ్రహమున బల్మా చేయి చాచి సొస్యూర్‌కు శిఖరము చూపుచుండును. తొలుత ఎక్కిన ఇరువురిలో ఒకడైన వైద్యునికి అందును చోటు దక్కలేదు. ఆయన విగ్రహము అదే ఊరిలో 1986లో వెలసెను. ఆయన శిఖరము చేరిన 200 ఏండ్లకు.