సోదరుల్ని బలితీసుకున్న జబ్బుకు మందు కనిపెట్టాడు.. ఈ తెలుగు డాక్టర్ ఎవరో తెలుసా?

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ అనగానే మనకు ప్యాసింజర్ టెర్మినలే గుర్తొస్తుంది. కానీ అక్కడి కార్గోలో మందుల కోసమే ప్రత్యేకంగా ఓ చల్లటి జోన్ ఉంది. హైదరాబాద్‌లో తయారైన మందులు అక్కడి నుంచే విదేశాలకు వెళ్తాయి. అయితే దాదాపు వందేళ్ల కిందటే మందుల పరిశోధన కోసం సముద్రం దాటాడు ఓ తెలుగు డాక్టర్. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ పాసయ్యింది మూడో ప్రయత్నంలో. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరులు రోజుల తేడాలో చనిపోయారు. అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బుకు మందు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, మామగారి సాయంతో బోస్టన్ వెళ్లారు. చేతిలో డబ్బుల్లేవు. ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కేతో కలిసి కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై కీలక పరిశోధనలు చేశారు. అయినా హార్వర్డ్‌లో పర్మినెంట్ ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లే కంపెనీలో చేరాక కథ మారింది. ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. అది స్ప్రూకి కూడా పనిచేసింది! అన్నదమ్ముల్ని కాపాడుకోలేకపోయిన మనిషి, అదే జబ్బుతో బాధపడేవాళ్లకు మందు అందించారు. బోదకాలుకి వాడే హెట్రజాన్ కూడా ఆ టీమ్ నుంచే వచ్చింది.

ఇక్కడే అసలు ట్విస్ట్. ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ, దాని పనిని అడ్డుకునే మందుల్నీ ఆ టీమే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. కొంతమందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఇంకొకటి మెథోట్రెక్సేట్.

మన రక్షణ కణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఈ వ్యవస్థ అదుపు తప్పితే రక్షణ కణాలు మన కీళ్లపైనే దాడి చేస్తాయి. అదే రుమటాయిడ్ ఆర్థరైటిస్. దీనికి డాక్టర్లు ముందుగా రాసే మందుల్లో తక్కువ డోసు మెథోట్రెక్సేట్ ఒకటి. ఇప్పుడు సైటోకైన్లను నేరుగా అడ్డుకునే ఖరీదైన ఇంజెక్షన్లు వచ్చాయి. అయినా చాలామందికి వాటితోపాటు ఈ మాత్రనూ ఇస్తున్నారు.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. నోబెల్ రాలేదు. మళ్లీ సొంతూరు చూడలేదు. శేషగిరి ఎదురుచూపు అలాగే మిగిలిపోయింది. 1995లో మన తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

గర్భిణులు వేసుకునే ఫోలిక్ యాసిడ్ మాత్ర మీ ఇంట్లో ఉందా? ఈసారి ఆ స్ట్రిప్ చూసినప్పుడు మన భీమవరం డాక్టర్‌ని ఒక్కసారి తలచుకోండి.