నొప్పి మీద కలం పట్టిన డాక్టరు

కాన్పు ఆడదానికి పునర్జన్మ అని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు. కానీ నొప్పులు పడితేనే బిడ్డ మీద మమకారం పుడుతుందని కొందరంటారు చూడండి, అది మాత్రం నాకెప్పుడూ నచ్చదు. ఇలాంటి మాట అనడంలో మనవాళ్లు ఒంటరివాళ్లేం కాదు. 1847లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పేరున్న డాక్టర్లే కాన్పు నొప్పి సహజమైనది, దాని జోలికి పోకూడదన్నారు. వాళ్లందరికీ అచ్చులో జవాబు చెప్పినాయన జేమ్స్ యంగ్ సింప్సన్.

క్లోరోఫారం పేరు చెబితే గుర్తొచ్చేది ఆయనే. నిజానికి దాన్ని మొదట తయారుచేసింది ఆయన కాదు. 1831 నాటికే వేరేవాళ్లు చేశారు. కాన్పులో అది పనికొస్తుందని లోకానికి చాటింది మాత్రం సింప్సనే.

1811 జూన్ 7న స్కాట్లండులోని బాత్‌గేట్ అనే ఊళ్లో పుట్టాడాయన. తండ్రిది రొట్టెల దుకాణం. తొమ్మిదేళ్లకే తల్లి పోయింది. ఇంట్లోవాళ్లంతా తలో చెయ్యీ వేసి చదివిస్తే పద్నాలుగేళ్లకే ఎడిన్‌బరో యూనివర్సిటీలో చేరాడు. అక్కడ ఒకావిడకి రొమ్ము కేన్సర్ ఆపరేషను చేయడం చూశాడు. మత్తు మందులు లేని రోజులు మరి! చూడలేక బయటికొచ్చేసి, లాయరు దగ్గర గుమాస్తా పనికి వెళ్లాడని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. మళ్లీ మనసు మార్చుకుని వైద్యానికే వచ్చాడు. వచ్చాడు కాబట్టే మనం ఇవాళ ఆయన గురించి మాట్లాడుకుంటున్నాం.

ఇరవై ఎనిమిదేళ్లకే ప్రసూతి ప్రొఫెసరు పదవికి పోటీపడ్డాడు. పెళ్లి కాని కుర్రాడికి ఆ పదవేమిటన్నారు. అంతే, 1839 డిసెంబరులో జెస్సీ గ్రిండ్లేని పెళ్లాడేశాడు! మన దగ్గర ఉద్యోగం ఉంటేనే పిల్లనిస్తారు, అక్కడ పెళ్లాం ఉంటేనే ఉద్యోగమన్నమాట. 1840లో ఒక్క ఓటు తేడాతో గెలిచాడు.

1847 జనవరి 19న మొదటిసారి ఒక కాన్పులో ఈథర్ వాడాడు. కానీ దాని వాసన ఘాటు, పైగా దగ్గు తెప్పిస్తుంది. ఇంకా మంచిది కావాలని ఒక్కో మందూ తనే పీల్చి చూసేవాడు. నవంబరు 4 రాత్రి ఇంట్లో కీత్, డంకన్ అనే ఇద్దరు డాక్టర్లతో కలిసి క్లోరోఫారం పీల్చాడు. కాసేపటికి ముగ్గురూ భోజనాల బల్ల కింద ఉన్నారు! ఆ ఇల్లాలు ఏమనుకుందో పాపం.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి కథ. నాలుగు రోజులకే ఒక కాన్పులో క్లోరోఫారం వాడాడు. ఇంకో రెండు రోజులకు వైద్యుల సభలో చెప్పాడు. ఆ నెలలోనే చిన్న పుస్తకం వేశాడు. నొప్పి దేవుడిచ్చిన శిక్ష అనేవాళ్ల కోసం డిసెంబరులో ఇంకోటి. బైబిల్లో ఆ చోట ఉన్న హీబ్రూ మాటకు నొప్పి కన్నా శ్రమ అనే అర్థమే సరైనదని వాదించాడు. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతన్ని గాఢంగా నిద్రపుచ్చాడు కదా అనీ గుర్తుచేశాడు. మతం పేరుతో వచ్చిన వ్యతిరేకత మనం చెప్పుకునేంత పెద్దదేం కాదని ఈ మధ్యి చరిత్రకారులు అంటున్నారు. గట్టిగా అడ్డుపడింది తోటి డాక్టర్లే. వాళ్లకి లెక్కలతో జవాబిచ్చాడు. మత్తు ఇచ్చి, ఇవ్వకుండా చేసిన ఆపరేషన్లలో ఎందరు పోయారో ఆసుపత్రుల నుంచి సేకరించి 1848లో అచ్చు వేయించాడు.

అయితే అదే కలం మొండిదీనూ. 1848 జనవరి 28న ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల, కాలిగోరు తీయించుకోబోయి క్లోరోఫారం మత్తులోనే ప్రాణం విడిచింది. తెలివి తెప్పించడానికి పోసిన నీళ్లూ బ్రాందీయే కారణమని సింప్సన్ వాదించాడు. తన మందుని అనుమానించలేకపోయాడు. మందు మోతాదు లెక్క తేల్చే పని లండన్‌లో జాన్ స్నో చేశాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి లియోపోల్డ్ పుట్టినప్పుడు క్లోరోఫారం ఇచ్చింది ఆయనే. రాణిగారే పుచ్చుకున్నాక ఇక కాదనడం కష్టమైంది.

1870 మే 6న సింప్సన్ కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటిస్తామన్నా ఇంట్లోవాళ్లు వద్దని, ఎడిన్‌బరోలోనే వారిస్టన్ శ్మశానంలో సమాధి చేశారు.

ఆయన రేపిన వాదం మాత్రం మన హైదరాబాదు దాకా వచ్చింది. క్లోరోఫారం గుండెను ఆపుతుందా, ఊపిరినా? ఇది తేల్చడానికి 1888లో, 1889లో ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ రెండు కమిషన్లు నడిచాయి. రెండోసారి నిజాం సొమ్ముతో లండన్ నుంచి లాన్సెట్ పత్రిక నిపుణుణ్ని పంపింది. హైదరాబాదులో వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఆ ప్రయోగాల్లో పాల్గొంది. ముందు ఆగేది ఊపిరేనని, దాన్ని కనిపెట్టుకుని ఉంటే భయం లేదని కమిషన్ తేల్చింది. 1911లో లెవీ అనే డాక్టరు అది పొరపాటని నిరూపించాడు. మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చని చూపించాడు. తర్వాత ఇంకా మంచి మందులొచ్చాయి, క్లోరోఫారం మెల్లగా ఆపరేషను గదుల్లోంచి తప్పుకుంది.