అల్జీమర్స్: పెద్దవాళ్ల మతిమరుపు చాదస్తం కాదని మెదడు చూసి చెప్పిన డాక్టర్.. 51 ఏళ్లకే ముగిసిన జీవితం!

పెద్దాపురం: ఇప్పుడే అన్నం తిన్న పెద్దాయన, ఇంకా అన్నం పెట్టలేదేంటని అడుగుతారు. ఏళ్ల తరబడి వెళ్లొస్తున్న మరిడమ్మ గుడి నుంచి ఇంటికి దారి తెలియక, వేరే వీధిలో నిలబడిపోతారు. కన్న కొడుకుని చూసి నువ్వెవరబ్బాయివి అంటారు. పెద్దాపురంలోనే కాదు, గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్లినా ఇలాంటి ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. మనమేమో చాదస్తం అనేస్తాం. వయసైపోయింది కదా అని సరిపెట్టుకుంటాం.

కానీ చాలాసార్లు అది చాదస్తం కాదు, జబ్బు. ఆ జబ్బు మెదడు కణజాలంలో ఎలాంటి గుర్తులు వదిలి వెళ్తుందో వందేళ్ల కిందటే ఒక జర్మన్ డాక్టర్ మైక్రోస్కోప్‌లో చూశారు. ఆయన పేరే ఇప్పుడు ఆ జబ్బు పేరు. ఇంతకీ ఎవరీ అలోయిస్ అల్జీమర్? ఆయన చూసిందేంటి?

గులిమి మీద థీసిస్.. పిచ్చాసుపత్రిలో ఉద్యోగం

1864 జూన్ 14న జర్మనీలోని బవేరియాలో, మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో అల్జీమర్ పుట్టారు. తండ్రి దస్తావేజులు రాసే నోటరీ. బెర్లిన్, ట్యూబింగెన్, వూర్జ్‌బర్గ్‌లలో డాక్టరీ చదివారు. 1887లో ఆయన ఇచ్చిన థీసిస్ దేని మీదో తెలుసా? చెవిలో గులిమి తయారుచేసే గ్రంథుల మీద! మెదడుకీ దానికీ సంబంధం లేదు. కానీ మైక్రోస్కోప్ ముందు గంటలు గంటలు కూర్చోవడం మాత్రం అక్కడే అలవాటైంది.

1888లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక రోగుల ఆసుపత్రిలో చేరారు. మరుసటి ఏడాది అక్కడికే ఫ్రాంజ్ నిస్ల్ అనే మరో డాక్టర్ వచ్చారు. మెదడు కణాలు స్పష్టంగా కనిపించేలా రంగు పట్టించే పద్ధతి ఆయనది. ఇద్దరికీ స్నేహం కుదిరింది. పగలంతా వార్డులో రోగులతో మాటలు. ఆ తర్వాత చనిపోయిన రోగుల మెదడు ముక్కల పరీక్ష. మనిషి ప్రవర్తనలో మార్పుకి మెదడులో ఏదో ఒక ఆనవాలు ఉండి తీరాలన్నది వాళ్ల నమ్మకం.

1894లో సెసీలియా అనే వితంతువుని అల్జీమర్ పెళ్లి చేసుకున్నారు. ముగ్గురు పిల్లలు పుట్టారు. 1901లో ఆమె చనిపోయారు. పిల్లల్ని చూసుకోవడానికి ఆయన సోదరి ఇంటికొచ్చారు. అల్జీమర్ మాత్రం పనిలో మునిగిపోయారు. సరిగ్గా ఆ ఏడాదే ఆయన జీవితాన్ని మార్చేసిన పేషెంట్ ఆసుపత్రికి వచ్చింది.

1901 నవంబర్ 25.. ఆ పేషెంట్ ఎవరు?

ఆమె పేరు అగస్టే డీటర్. వయసు 51. భర్త రైల్వేలో గుమస్తా. మొదట భర్త మీద లేనిపోని అనుమానాలు. తర్వాత మతిమరుపు. వంట చేయడం మర్చిపోయింది. వస్తువులు ఎక్కడెక్కడో దాచేసేది. ఇంట్లోనే దారి తప్పినట్టు తిరిగేది. ఇక చూసుకోవడం తన వల్ల కాక భర్త తీసుకొచ్చి చేర్పించాడు.

మర్నాడు అల్జీమర్ ఆమె పక్కన కూర్చుని ఒక్కో ప్రశ్న అడుగుతూ జవాబులన్నీ రాసుకున్నారు. పేరడిగితే అగస్టే అంది. భర్త పేరడిగినా అగస్టే అనే చెప్పింది. మధ్యాహ్నం కాలీఫ్లవర్ తింటుంటే ఏం తింటున్నావని అడిగారు. పాలకూర అంది. పేరు రాయమంటే మొదలుపెట్టి, మధ్యలోనే ఏం రాస్తోందో మర్చిపోయింది. తనకు తానే తప్పిపోయానన్న సంగతి మాత్రం ఆమెకి లీలగా తెలుస్తూనే ఉందని ఆ కాగితాలు చూస్తే అర్థమవుతుంది.

డాక్టర్లకి ఇక్కడే చిక్కొచ్చింది. ముసలితనంలో మతి పోవడం మామూలే అనుకునే రోజులవి. కానీ ఈమెకి 51 ఏళ్లే!

1903లో అల్జీమర్ మ్యూనిక్ వెళ్లిపోయారు. అక్కడ ఎమిల్ క్రేపెలిన్ అనే పేరున్న సైకియాట్రిస్ట్ దగ్గర మెదడు కణజాలం పరీక్షించే ల్యాబ్ నడిపారు. మొదట్లో జీతం లేకుండానే పనిచేశారు. ఊరు మారినా అగస్టేని మాత్రం మర్చిపోలేదు. 1906 ఏప్రిల్ 8న ఆమె చనిపోయింది. మంచం పుళ్ల నుంచి ఇన్‌ఫెక్షన్ ఒంటికంతా పాకడమే కారణం. కేసు ఫైలు, ఆమె మెదడు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ చేరాయి.

మైక్రోస్కోప్ కింద ఏం కనిపించిందంటే..

మెదడు పైపొర మామూలు కంటే కుంచించుకుపోయి ఉంది. దాన్ని పల్చటి పొరలుగా కోసి, వెండి లవణంతో రంగు పట్టించారు. అప్పటికి కొత్తగా వచ్చిన పద్ధతి అది. వెండి పట్టిన చోట నల్లగా తేలుతుంది. అలా రెండు విషయాలు బయటపడ్డాయి.

ఒకటి, కణాల లోపల చిక్కులు. పట్టు నేసే ఊరు కాబట్టి పెద్దాపురం వాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. పోగులు వరసగా ఉంటేనే మగ్గం నడుస్తుంది. ఉండ చుట్టుకుంటే ఆగిపోతుంది. అగస్టే మెదడు కణాల్లో సన్నటి పోగులు అలాగే మెలికలు పడి ముద్దగా మారాయి. కొన్ని చోట్ల కణం చచ్చిపోయి, ఆ చిక్కు ఒక్కటే మిగిలింది.

రెండోది, కణాల బయట పేరుకున్న గార. పళ్ల మీద గార పట్టినట్టే, కణాల మధ్య ఏదో పదార్థం గుండ్రటి మచ్చలుగా గడ్డకట్టింది. వీటినే ఇప్పుడు ప్లేక్స్ అంటున్నాం. అలాంటి మచ్చల్ని అంతకుముందు కూడా కొందరు చూశారు. కానీ ఈ చిక్కుల్నీ, ఈ మచ్చల్నీ కలిపి, బతికుండగా తాను చూసిన రోగి లక్షణాలతో ముడిపెట్టింది అల్జీమరే.

ఒక్క ప్రశ్న కూడా రాలేదు!

1906 నవంబర్ 3న ట్యూబింగెన్‌లో మానసిక వైద్యుల సభలో ఆయన ఈ వివరాలన్నీ చెప్పారు. హాల్లో ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. 1907లో చిన్న వ్యాసంగా అచ్చైంది. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఈ జబ్బుకి అల్జీమర్ పేరు పెట్టారు.

అయితే ఆ పేరుతో పాటే ఒక పొరపాటు కూడా పాతుకుపోయింది. ఇది నడివయసులో అరుదుగా వచ్చే జబ్బు అని డాక్టర్లు తీర్మానించుకున్నారు. 70, 80 ఏళ్ల వాళ్లకి మతి పోతే అది ముసలితనమే అనుకున్నారు. అంటే మనం ఇంట్లో చాదస్తం అన్నట్టే, పెద్ద పెద్ద డాక్టర్లూ అన్నారన్నమాట! 1960ల్లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ పరిశోధకులు మతిమరుపుతో చనిపోయిన వృద్ధుల మెదళ్లు పరీక్షించారు. చాలామందిలో అగస్టే మెదడులో కనిపించిన చిక్కులు, మచ్చలే ఉన్నాయి. అరుదు అనుకున్న జబ్బు నిజానికి ఇంటింటి జబ్బని అప్పుడు తెలిసింది.

51 ఏళ్లకే కన్నుమూత

1912లో బ్రెస్‌లావ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవి ఇచ్చింది. ఇప్పుడు పోలండ్‌లో ఉన్న వ్రోత్స్‌వాఫ్ నగరమే అది. అక్కడికి రైల్లో వెళ్తుండగానే అల్జీమర్ జబ్బుపడ్డారు. ఆ తర్వాత పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబర్ 19న చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 51. అగస్టే ఆసుపత్రిలో చేరిన వయసూ అదే! ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి పక్కనే ఆయన్నీ ఖననం చేశారు.

ఆ తర్వాత అగస్టే ఫైలు కనిపించకుండా పోయింది. 1995 డిసెంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి పాత రికార్డుల్లో దొరికింది. ఆమె మెదడు స్లైడ్లు మ్యూనిక్‌లో బయటపడ్డాయి. మళ్లీ పరీక్షిస్తే అల్జీమర్ రాసిన చిక్కులు, మచ్చలు రెండూ ఉన్నాయి.

ఇప్పుడు మన పరిస్థితేంటి?

ఆ మచ్చల్లో ఉండేది అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్ అని 1984లో, చిక్కుల్లో ఉండేది టౌ అనే ప్రొటీన్ అని ఆ తర్వాత కొద్దికాలానికే తేలింది. అమైలాయిడ్‌ను తొలగించే మందులు లెకానెమాబ్, డోనానెమాబ్‌లకు అమెరికా 2023, 2024లలో అనుమతిచ్చింది. అవి తొలి దశలో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి తప్ప నయం చేయవు. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. అందులో ఎక్కువ భాగం అల్జీమర్స్‌దే.

మరి మనం చేయాల్సిందేంటి? మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బీ12 తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు రావచ్చు. వాటికి వైద్యం ఉంది. అందుకే దారి తప్పడం, అడిగిందే అడగడం, డబ్బుల లెక్క తెలియకపోవడం మొదలైతే చాదస్తమని వదిలేయొద్దు. కాకినాడకో రాజమండ్రికో తీసుకెళ్లి న్యూరాలజిస్ట్‌కి చూపించండి. వెళ్లేముందు ఏ పని ఎప్పటినుంచి మర్చిపోతున్నారో కాగితం మీద రాసుకోండి. అగస్టే దగ్గర అల్జీమర్ మొదట చేసిన పని కూడా అదే. పక్కన కూర్చుని, ఓపిగ్గా విని, రాసుకోవడం. మైక్రోస్కోప్ ఆ తర్వాతే వచ్చింది.