గుంటూరు డాక్టరమ్మ

గుంటూరులోని పునీత జోజప్పగారి ఆసుపత్రి పేరు మన డెల్టా ప్రాంతంలో మీలో చాలామంది వినే ఉంటారు. ఆ ఆసుపత్రికి జీవం పోసిన డాక్టరు సిస్టర్ మేరీ గ్లౌరీగారి జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాం. కుటుంబంలో స్త్రీ పురుషుల బాధ్యత గురించి ఆ జీవితం మనకు నేర్పేది ఎంతో ఉంది.

మేరీగారు 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో జన్మించారు. తొమ్మిదిమంది సంతానంలో ఆమె మూడవ బిడ్డ. గురువుల కొరకు, వైద్యుల కొరకు ప్రతిదినం ప్రార్థించడం తల్లి మార్గరెట్‌గారు పిల్లలకు అలవాటు చేశారు. మేరీగారు మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో మొదట బి.ఏ.లో చేరారు. వైద్యం చదవమని ప్రోత్సహించినవారు తండ్రి ఎడ్వర్డ్‌గారు. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరు కావడం బహు అరుదు. అయినా ఆ తండ్రి వెనుకాడలేదు. 1910లో ఆమె వైద్య పట్టా పుచ్చుకున్నారు.

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్త్రీ వైద్యురాలి గురించినది. భారతదేశంలో పరదా చాటున ఉండే స్త్రీలు మగ డాక్టరు వద్దకు పోలేక, కాన్పుల్లో తల్లీబిడ్డలు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారన్న సంగతి మేరీగారి హృదయాన్ని కలచివేసింది. 1919లో ఎం.డి. పూర్తి చేసి, చక్కగా సాగుతున్న ప్రాక్టీసును వదులుకొని, 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. యేసు మరియ జోజప్పల సభలో చేరి, తిరుహృదయ సిస్టర్ మేరీ అయ్యారు.

అయితే మఠవాసులు వైద్యం చేయడానికి ఆనాటి శ్రీసభ చట్టం అడ్డుగా ఉండేది. పదిహేనవ బెనెడిక్టు పోపుగారు ఆమెకు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. మఠకన్యలందరూ ప్రసూతి వైద్యం చేయడానికి రోము అనుమతించింది 1936లో మాత్రమే. అప్పటికే ఆమె ఎన్నో ఏండ్లుగా గుంటూరులో ఆ సేవ చేస్తున్నారు. చిన్న మందుల గదిగా ఉన్నది పెద్ద ఆసుపత్రి అయింది. స్థానిక యువతులకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పి వారిని స్వంత కాళ్ళ మీద నిలబెట్టారు. 1943 జులై 29న మరి కొందరు మఠకన్యలతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957 మే 5న బెంగుళూరులో ప్రభువునందు నిద్రించారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

పాఠకులారా, ఇప్పుడు మన ఇండ్లవైపు చూడండి. జ్వరంతో ఉన్న ఇల్లాలు అందరికీ వండిపెట్టి చివరకు తాను తింటుంది. ఆమెను ఆసుపత్రికి ఎప్పుడు తీసుకుపోవాలో భర్తో, అత్తగారో నిర్ణయిస్తారు. కొడుకు చదువుకు అప్పు చేసే తండ్రి, కూతురి చదువు మాట వచ్చేసరికి పెండ్లి సంబంధం గురించి మాట్లాడతాడు. డాక్టరు ఎంత నేర్పరి అయినా, భార్యను సకాలంలో తీసుకురాని భర్త చేతిలో ఆమె వైద్యం వృథాయే గదా!

ఆ ఆసుపత్రికి జోజప్పగారి పేరు ఉండడం ఎంతో తగియున్నది. తల్లికీ బిడ్డకూ అపాయమని తెలియగానే, రాత్రివేళే లేచి వారిని ఐగుప్తుకు తీసుకుపోయిన భర్త ఆయన. తెల్లవారనీ, చూద్దాం అనలేదు. విచారణల్లోని భర్తలారా, తండ్రులారా! గర్భిణీ భార్యను పరీక్షకు మీరే స్వయంగా తోడుకొని పొండి. పసిబిడ్డను ఎత్తుకోవడం, నీళ్ళు మోయడం, వంటలో చేయి వేయడం మీకు నామోషీ కాదు. కూతురి చేతిలో పుస్తకం ఉంటే దానిని నిలుపండి. ఎడ్వర్డ్‌గారు తన కుమార్తెకు చెప్పిన ఒక్క మంచిమాట, ఆయన చూసి ఎరుగని గుంటూరులో ఎందరో తల్లుల ప్రాణాలు నిలిపింది.