గ్రెగరీ దొరసాని కాగితములు

మన యిండ్లలో పెద్దలు గతించిన పిమ్మట వారి కాగితములకు సామాన్యముగా రెండు గతులు గలవు. క్రయపత్రములు, పట్టాలు, వీలునామాలు ఇనుపపెట్టె చేరును. ఉత్తరములు, దినచర్యలు, చిత్తుప్రతులు అటకయెక్కి చెదలపాలగును. భూమికి సాక్ష్యమిచ్చు కాగితమును కాపాడుకొందుముగాని మనుష్యునికి సాక్ష్యమిచ్చు కాగితమును కాపాడుకొనము. ఈ రెండవ జాతి కాగితములు ఏమి చేయగలవో తెలియుటకై, ఐర్లాండు జాతీయ నాటకశాలను స్థాపించి నడపిన లేడీ అగస్టా గ్రెగరీ చరితమును చదువరుల ముందుంచుచున్నాము.

ఆమె 1852 మార్చి 15వ తేదీని గాల్వే మండలములో, పెర్సీయను భూస్వాముల కుటుంబమున జన్మించెను. 1880లో, తనకంటె ముప్పదియైదేండ్లు పెద్దవాడును, సింహళద్వీపమునకు గవర్నరుగా నుండి వచ్చినవాడునగు సర్ విలియం గ్రెగరీని వివాహమాడి కూల్ జమీకి దొరసాని యయ్యెను. ఆ భర్త పేరు ఐరిషు రైతులకు చేదు జ్ఞాపకము. 1847లో, మహాక్షామ కాలమున, పావు ఎకరమునకు మించి భూమిగలవారికి సర్కారు సహాయము దక్కరాదను నిబంధనను పార్లమెంటులో చేర్పించినవాడాయన. గంజి కావలసిన కుటుంబములు భూమిని వదలుకొనవలసివచ్చెను. ఇట్టి యింటి కోడలు 1882లో, ఈజిప్టు దేశాభిమాని అరాబీ పక్షమున లండన్ టైమ్సు పత్రికలో వ్రాసెను. అయినను 1893లో, తన దేశమునకే స్వపరిపాలనము కూడదని వాదించు కరపత్రమును పేరులేక ప్రకటించెను. నైలునదీ తీరమున కనబడిన దాస్యము తన వాకిట కనబడలేదన్నమాట.

ఆ తెరను తొలగించినవి కాగితములే. 1892లో భర్త గతించెను. ఆమె ఆయన స్వీయచరిత్రను పరిష్కరించి 1894లో ప్రచురించెను. తరువాత, డబ్లిను ప్రభుత్వములో అండరు సెక్రటరీగా చిరకాలమధికారము చేసిన భర్తగారి తాతయొక్క ఉత్తరముల పెట్టెను విప్పి, 1898లో వానిని గ్రంథముగా వెలువరించెను. పాలకులు తమలో తాము వ్రాసికొన్న యుత్తరములలో పాలితుల గూర్చిన మాటలుండును. అవి బహిరంగ శాసనములలో నుండవు. వానిని చదివిన పిమ్మట ఇంగ్లండుపై తన విశ్వాసము చెడెనని ఆమెయే తరువాత చెప్పుకొనెను. నడివయస్సున ఐరిషుభాష నేర్చి, గుడిసెలకును బీదల సత్రమునకును పోయి ముసలివారి నోట పురాతన గాథలు సేకరించెను. వీరగాథలను గ్రామీణుల వాడుక ఫక్కిలో 1902లో ప్రచురించెను.

యేట్సు కవితోడను, మార్టిన్ అను పొరుగు భూస్వామితోడను 1897లో జరిపిన సంభాషణలనుండి ఐరిషు నాటకోద్యమము పుట్టెను. 1904 డిసెంబరు 27వ తేదీని డబ్లినులో ఆబీ నాటకశాల తలుపులు తెరచిరి. ధనము హార్నిమన్ అను ఆంగ్లవనితది. ఆమె ఐర్లాండు నివాసి కానందున అనుమతిపత్రము గ్రెగరీ పేర వచ్చెను. నాటకములనెన్నుట, నటులను తీర్చుట, లెక్కలు చూచుట, బృందమును దేశాంతరములకు గొనిపోవుట, చాలనప్పుడు తానే నాటకము వ్రాయుట ఆమె పనులు. సుమారు నలుబది నాటకములు వ్రాసెను. 1909లో, లండన్ నిషేధించిన బెర్నార్డు షా నాటకమును ఆబీలో ఆడినచో అనుమతిపత్రము రద్దగునని రాజప్రతినిధి కొలువువారు బెదరించిరి. ఆమెయు యేట్సును లొంగలేదు, నాటకమాడించిరి. 1912లో, సింగ్ రచించిన నాటకమునకుగాను ఫిలడెల్ఫియాలో తన నటులు అరెస్టయినప్పుడు ఆమె వారి వెంటనేయుండెను. ఆ యభియోగము నిలువలేదు.

ఆ రంగస్థలమునకు మన దేశముతో సంబంధము లేకపోలేదు. రవీంద్రుని పోస్టాఫీసు నాటకమును 1913లో ఆబీ ప్రదర్శించెను. ఆ యుద్యమపు తొలినాళ్లలో నాటకములు వ్రాసిన జేమ్స్ కజిన్స్ 1915లో భారతదేశమునకు వచ్చి మదనపల్లె కళాశాలలో బోధించెను. 1919లో రవీంద్రుడు జనగణమన గీతమును ఇంగ్లీషులోనికి పరివర్తించినది ఆ మదనపల్లెలోనే.

ఇక ముఖ్యవిషయము. 1902 ఏప్రిలులో డబ్లినులో కాథలీన్ నీ హూలిహన్ అను చిన్న నాటకమాడిరి. పెండ్లి పనులలోనున్న యింటికి బీద ముసలిది యొకతె వచ్చి, పరాయివారు తన నాలుగు పచ్చని పొలములను హరించిరని చెప్పును. ఆ ముసలిది ఐర్లాండే. పెండ్లికుమారుడు వధువును విడిచి ఆమె వెంట పోవును. ఈ నాటకము ఒక తరమును కదిలించెను. 1916 తిరుగుబాటు మొదటినాడే ప్రాణమర్పించిన షాన్ కానలీ ఆబీ నటుడు. నాటకముమాత్రము యేట్సు పేరనే అచ్చయ్యెను. గ్రామీణ సంభాషణలో ఆమె తోడ్పడెనని యేట్సు అంగీకరించెను, అంతకుమించి లోకమెరుగదు. 1919లో నటి లేకపోగా, అరువదియైదేండ్లు దాటిన గ్రెగరీయే ఆ ముసలిదాని వేషము ధరించెను. ఆ నాటకరచనలో తన పాలెంతయో ప్రేక్షకులకు చెప్పలేదు. ఆమె చేతివ్రాత చిత్తుప్రతి న్యూయార్కు పబ్లిక్ లైబ్రరీకి చేరెను. తొలిభాగమంతయు తనదొక్కదానిదేయని అందు పెన్సిలుతో గుర్తుపెట్టుకొనెను. 1988లో పెథికా యను పరిశోధకుడు దానిని పరిశీలించి ప్రకటించునప్పటికి ఆమె గతించి ఏబదియారేండ్లు.

కాగితము ఆమెకు అపకారమును చేసెను. మేనల్లుడు హ్యూ లేన్ ముప్పదితొమ్మిది చిత్రపటములను డబ్లినుకిచ్చుచు వీలునామాకు అనుబంధము వ్రాసి సంతకము చేసెనేగాని సాక్షుల చేవ్రాలు తీసికొనలేదు. 1915లో లూసిటేనియా ఓడతో మునిగిపోయెను. లండన్‌వారు పటములను వదలలేదు. గ్రెగరీ బ్రతికినంతకాలము వానికై పోరాడెను. ఆ పటములను ఇరునగరములును పంచుకొను ఒడంబడిక 1959లోగాని కుదురలేదు.

1918లో ఏకైక పుత్రుడు రాబర్టు ఇటలీలో విమానయోధుడుగా మరణించెను. 1925లో స్వతంత్ర ఐర్లాండు ప్రభుత్వము ఆబీకి 850 పౌనుల గ్రాంటునిచ్చెను. 1927లో కూల్ అటవీశాఖ పరమయ్యెను. ఆమె తన యింటిలోనే అద్దెకుండెను. ఇన్నింటి నడుమ 1916 మొదలు తుదిదినములవరకు దినచర్య వ్రాయుట మానలేదు. అందు ఆత్మస్తుతి లేదు. 1928లో తాము నిరాకరించిన ఓకేసీ నాటకమును తరువాత లండనులో చూచి, దానిని స్వీకరింపవలసినదని తన తప్పును తానే వ్రాసికొనెను. తనకు ప్రతికూలముగా గూడ చెప్పిన సాక్షి గనుకనే, తనకనుకూలముగా చెప్పినప్పుడు మనము నమ్ముచున్నాము.

ఆమె 1932 మే 22వ తేదీని కన్నుమూసెను. 1941లో కూల్ భవనమును కూలద్రోసిరి. రాతికట్టడము పోయినది, కాగితము నిలిచినది. స్వీయచరిత్ర 1974లోను, దినచర్యల సంపూర్ణ ప్రచురణము 1978, 1987 సంవత్సరములలోను వెలువడెను.

మన తల్లులు, అత్తలు వ్రాసిన పద్దుపుస్తకములు, పాటల నోటుబుక్కులు, ఉత్తరములు ఏ యటకమీదనున్నవో చదువరులు ఒక్కమారు చూడవలెనని కోరుచున్నాము. పొలము హద్దులకు మరల సర్వే చేయవచ్చును. కాలిపోయిన దినచర్యను మరల వ్రాయించు అధికారి ఎవ్వడును లేడు.