దంతవైద్యుడు మలచిన కొయ్య మేకు: డాక్టర్ జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంటు జీవితము

గోల్ఫ్ క్రీడలో మొదటి దెబ్బకు బంతిని నేలనుండి కొంచెము ఎత్తున నిలుపుటకై భూమిలో గుచ్చే చిన్న మేకును టీ అని పిలుస్తారు. మనము ఉదయసాయంకాలములు సేవించే తేనీటితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. మా విద్యార్థులలో గోల్ఫ్ ఆడేవారు అరుదని మాకు తెలుసు. గోల్కొండ నయాఖిలాలోని గోల్ఫ్ మైదానమును దూరమునుండి చూచినవారే ఎక్కువ. అయితే బిళ్ళంగోడు ఆడనివారు మాత్రం తక్కువ. నేలకు అంటుకొని ఉన్న బిళ్ళను కొట్టుటకూ, అంచున ఎత్తి నిలిపిన బిళ్ళను లేపి కొట్టుటకూ గల భేదము వారికి ఎవరూ బోధింపనక్కరలేదు. గోల్ఫ్ బంతి విషయమూ అంతే. ఆ ఎత్తును కొయ్యతో, రబ్బరుతో అమర్చిపెట్టిన ఒక దంతవైద్యుని జీవితమును ఇక్కడ సంగ్రహముగా వివరింపదలచినాము.

జార్జి ఫ్రాంక్లిన్ గ్రాంటు 1846లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఆస్వెగో పట్టణమున జన్మించారు. తండ్రి ఒకప్పుడు బానిసత్వమును అనుభవించిన నల్లజాతివాడు. అమెరికా దేశమంతటా బానిసత్వము రద్దయ్యేనాటికి, అనగా 1865 నాటికి, ఈ బాలునికి పందొమ్మిదేండ్లు నిండుతున్నవి. అంతకు ముందే, పదిహేనేండ్ల వయస్సులో, స్థానిక దంతవైద్యునివద్ద కబుర్లు చేరవేసే కుర్రవానిగా చేరి, క్రమముగా ఆ ప్రయోగశాలలో సహాయకుడైనారు. పుస్తకముకన్న ముందు పనిముట్టు చేతికి వచ్చిన విద్య అది. ఆ చేతివాటమే తరువాతి జీవితమంతా ఆయనకు అండగా నిలిచినదని మా అభిప్రాయము.

1867లో ఆయన బోస్టన్ నగరమునకు వెళ్ళి అక్కడ దంతవైద్య సహాయకునిగా పనిచేశారు. హార్వర్డు విశ్వవిద్యాలయములో దంతవైద్య కళాశాల వెలసినది ఆ సంవత్సరమే. మరుసటి ఏడు గ్రాంటు అందులో ప్రవేశించి, 1870లో గౌరవప్రదముగా పట్టము పొందారు. అక్కడ పట్టభద్రులైన నల్లజాతివారిలో ఆయన రెండవవారు; 1869లో పట్టము పొందిన రాబర్టు టానర్ ఫ్రీమన్ మొదటివారు. 1871లో గ్రాంటు అదే కళాశాలలో యాంత్రిక దంతవైద్య శాఖలో బోధకులుగా నియమితులైనారు. హార్వర్డు విశ్వవిద్యాలయ బోధకవర్గములో చోటు దొరికిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే. విశ్వవిద్యాలయ అధ్యక్షుడైన చార్లెస్ ఇలియట్ సైతము తన దంతముల చికిత్సకై ఆయనవద్దకే వచ్చేవారు.

అయితే ఆయన ప్రసిద్ధి మొదట గోల్ఫ్ మూలముగా వచ్చినది కాదు. కొందరు శిశువులు అంగిలిలో చీలికతో జన్మిస్తారు. నోటికీ ముక్కుకూ నడుమ తెరచియుండే ఆ సందు మూలముగా మింగినది ముక్కులోనికి పోవును. గాలి ముక్కుగుండా జారిపోవుటచే మాట ముక్కుతో పలికినట్లు అస్పష్టముగా వినిపించును. ఆ సందును మూసే కృత్రిమమైన అంగిలిని గ్రాంటు రూపొందించారు. ఆయన చికిత్స చేసిన మొదటి రోగి పదునాలుగేండ్ల బాలిక. 1889 నాటికి ఇటువంటి రోగులు 115 మంది ఆయన చేతిమీదుగా వెళ్ళారు. ప్రతి నోటి ఆకారమూ వేరే. ఒకరికి చేసినది మరొకరికి పట్టదు. ఎంత ఎత్తు, ఎంత మందము, ఎక్కడ మెత్తదనము, ఎక్కడ బిగువు అని కొలిచి కొలిచి చేయవలసిన పని అది. ఈ సంగతిని పాఠకులు కొంచెము గుర్తుంచుకొన ప్రార్థన. మేకు కథలో ఇదే మరల కనిపించును.

గోల్ఫ్ క్రీడ స్కాట్లండునుండి అమెరికాకు వచ్చి అప్పటికి ఎంతోకాలము కాలేదు. అక్కడి గోల్ఫ్ సంఘము ఏర్పడినది 1894లో. బోస్టన్ పరిసరములోని ఆర్లింగ్టన్ హైట్సులో తన ఇంటికి చేరువనున్న పచ్చికబయలులో గ్రాంటు మిత్రులతో కలిసి ఆడేవారు. న్యాయవాది ఆర్చిబాల్డు గ్రింకే ఆ మిత్రులలో ఒకరు. ఆనాటి క్లబ్బులు నల్లజాతివారికి తలుపులు తెరచినవి కావు. కనుక ఆ బయలే వారి మైదానము.

ఆటలో గ్రాంటుకు నచ్చనిది ఒక్కటే ఉండేది. మొదటి దెబ్బకు ముందు ప్రతివాడూ పెట్టెలోని తడి ఇసుకను పిడికిటిలోనికి తీసుకొని, వ్రేళ్ళతో చిన్న గుట్టగా మలచి, దానిపై బంతిని నిలుపవలెను. ఒక గుట్ట ఎత్తు మరొకదానికి రాదు. చేతులు మురికి, తడిచేతితో కర్ర పిడి జారును. పద్దెనిమిది గుంటల ఆటలో పద్దెనిమిది సార్లు ఇదే తంతు. రోజంతా నిర్మలమైన చేతులతో, వెంట్రుకవాసి కొలతలతో పనిచేసే వైద్యునికి ఇది ఎంత చికాకో మనము ఊహింపవచ్చును.

ఇసుకకు బదులు మరొకటి వాడవలెనన్న ఆలోచన ఆయనకు ముందే కొందరికి కలిగినది. 1889లో స్కాట్లండువారు ఇద్దరు నేలపై పరచే రబ్బరు పలక ఒకటి చేసి హక్కుపత్రము పొందారు. గ్రాంటు మార్గము వేరు. క్రిందివైపు సన్నబడుతూ నేలలో సులువుగా దిగే కొయ్య మేకు. దాని తలపై బంతి కూర్చొనుటకు మెత్తని రబ్బరు గొట్టము. కర్ర బంతిని తాకిన క్షణములో ఆ గొట్టము వంగి దారి ఇచ్చును. దెబ్బకు అడ్డు తగలదు. క్రింద బిగువు, పైన మెత్తదనము. అంగిలి చేసిన చేయియే దీనినీ చేసినదని వేరుగా చెప్పవలెనా? 1899 డిసెంబరు 12న దీనికి అమెరికా ప్రభుత్వము 638,920 సంఖ్యగల హక్కుపత్రమును ప్రసాదించినది. ఆ కాలపు గోల్ఫ్ బంతులు గట్టిపెర్చా అనే చెట్టుపాలతో చేసినవి. ఆ పదార్థమునే దంతవైద్యులు పంటి రంధ్రములు పూడ్చుటకు వాడేవారు. గ్రాంటుకు ఆ బంతి కొత్త వస్తువేమీ కాదు.

ఆయన ఆలోచించిన విషయములే నేడు మేకును ఎన్నుకొనుటలోనూ ప్రధానమైనవి. మొదటిది ఎత్తు. పెద్ద తలగల డ్రైవరు అనే కర్రతో కొట్టునపుడు బంతిలో సగము ఆ కర్ర తల పైఅంచుకు పైన కనిపించవలెను. ఇనుప కర్రతో కొట్టునపుడు బంతి నేలనుండి పావు అంగుళము లేచిన చాలును. నేటి కర్రల తలలు బాగా పెరిగినందున రెండుముప్పావు అంగుళముల మేకు చాలక మూడుంబావు అంగుళములది వాడేవారు ఎక్కువైనారు. నిబంధనల ప్రకారము నాలుగు అంగుళములకు మించరాదు. రెండవది నిలకడ, మూడవది దెబ్బకు లొంగుట. కొయ్యది విరిగి దారి ఇచ్చును. ప్లాస్టిక్‌ది ఎక్కువకాలము మన్నును గాని మట్టిలో చివికిపోదు. వెదురు మేకులు కొయ్యకన్న గట్టివి.

ఇంత చిన్న వస్తువుకు సంరక్షణ యేమని నవ్వేవారు ఉందురు. తడిమన్ను అంటిన కొయ్య మేకులను తుడువక మూసిన సంచిలో పడవేసిన, కొయ్య ఉబ్బి రంగు పొరలెత్తును. తల పలుకుబారిన మేకుపై బంతి నిలువదు. విరిగిన ముక్కలను గడ్డిలోనే వదలిన, గడ్డికోత యంత్రపు అలుగులు దెబ్బతినును. వంగి ఏరుకొనుట ఆటగాని పని. మైదానపు కూలివానిది కాదు.

ఇక గ్రాంటు చేసినది విచిత్రము. చేరువలోని చిన్న కార్ఖానాలో ఆ మేకులు చేయించి, జేబులలో నింపుకొని, మిత్రులకూ, తోడి ఆటగాండ్రకూ పంచిపెట్టారు. అమ్మకమునకు పూనుకొనలేదు. ధనాపేక్ష లేనందుననో, వైద్యవృత్తిలో తీరిక లేనందుననో మేము నిర్ణయింపజాలము; కాని నల్లజాతివానికి క్లబ్బులలో ప్రవేశమే లేని కాలములో ఆ సరకును ఎవరి ముందు పరచగలిగేవాడన్న ప్రశ్నను మాత్రం విడువజాలము. 1910 ఆగస్టు 21న న్యూహాంప్‌షైర్ రాష్ట్రములోని చెస్టరులో, తన వేసవి విడిదిలో, ఆయన కాలధర్మము చెందారు. ఆ మేకుల ఊసు మిత్రమండలి దాటి వెళ్ళలేదు. మైదానములలో ఇసుకపెట్టెలు యథాస్థానములో ఉన్నవి.

పదిపన్నెండేండ్ల తరువాత న్యూజెర్సీ రాష్ట్రములో విలియం లోవెల్ అనే మరొకరు కొయ్య మేకు చేసి, ఎర్ర రంగు పూసి, రెడ్డీ టీ పేరిట అమ్మసాగారు. మన ప్రాంతపు పాఠకులు ఈ పేరు చూచి నవ్వుకొందురు గాక, అది ఎరుపునుండి వచ్చినది! వింత యేమనగా ఆయనా దంతవైద్యుడే. ప్రసిద్ధ ఆటగాడు వాల్టరు హేగన్‌కు సొమ్మిచ్చి తన మేకులను ప్రదర్శనలలో వాడించినందున అవి దేశమంతా ప్రాకినవి. అనుకరణలూ పుట్టినవి, వాటిపై వ్యాజ్యములలో లోవెల్ సంపాదన చాలావరకు కరిగినది. కీర్తి మాత్రం ఆయనకు దక్కినది. పలు దశాబ్దములపాటు మేకు సృష్టికర్త ఎవరని అడిగినవారికి లోవెల్ పేరే సమాధానము.

హక్కుపత్రము మాత్రం ప్రభుత్వ కార్యాలయములో పదిలముగానే ఉన్నది. తుదకు 1991లో అమెరికా గోల్ఫ్ సంఘము కొయ్య మేకు ఘనత జార్జి గ్రాంటుదేనని అంగీకరించినది. అప్పటికి ఆయన మరణించి 81 ఏండ్లు గడచినవి.